జిమ్ ట్రైనర్ ఉద్యోగం జీవితాంతం నిలబడే వృత్తేనా?

పోయిన దసరా సెలవులకు ముందు మన హాస్టల్‌కు వచ్చినప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "అన్నా, టౌన్‌లో ఒక జిమ్ వాళ్లు ట్రైనర్‌గా రమ్మంటున్నారు. నెలకు పన్నెండు వేలు ఇస్తారట. డిగ్రీ పూర్తయినా ఉద్యోగం వస్తుందని నమ్మకం లేదు గదా, మానేసి చేరిపోనా?" ఇంటి దగ్గర అమ్మ కూలికి పోతుంది, చెల్లెలు ఇంటర్ చదువుతోంది. పన్నెండు వేలంటే ఆ ఇంటికి చిన్న మాట కాదు.

నేను వెంటనే "చేరు" అనలేకపోయాను, "వద్దు" అని కూడా అనలేకపోయాను. ఎందుకంటే ఆ పని నేను తొమ్మిదేళ్లు చేశాను. బస్సుకు టైమై సగం జవాబు చెప్పి వెళ్లిపోయాను. మిగతా సగం ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాను. ఒంటిమీద శ్రద్ధ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మన హాస్టళ్లలో చాలామంది ఉన్నారు కనుక ఇది అందరికీ పనికివస్తుందని నా ఆశ.

ఈ పని కొత్తది కాదు

జిమ్ అనే మాట కొత్తది గానీ పని పాతదే. మన ఊళ్లలో తాలింఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు, సాముగరిడీలు నేర్పే గురువులు ఉండేవారు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు సర్కస్‌తో దేశమంతా పేరు తెచ్చుకోకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు దేశమంతా ఆమె పేరే చెప్పుకుంది. కానీ ఆమెకు చిన్ననాట బరువులెత్తడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న అనే గురువు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. కొండమీదికి కాళ్లు ఆ పిల్లలవే గానీ, ఆ కాళ్లకు తర్ఫీదు ఇచ్చిన మనుషులు వెనుక ఉన్నారు.

కాబట్టి నేర్పే పనికి విలువ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. విలువ ఉంది. ఆ విలువ మన చేతికి జీతంగా ఎంత వస్తుంది, ఎన్నాళ్లు వస్తుంది అన్నదే ప్రశ్న.

సంపాదన లెక్క

జిమ్‌లో సాధారణంగా రెండు రకాల ట్రైనర్లు ఉంటారు. వచ్చినవాళ్లందరినీ చూస్తూ, మిషన్లు ఎట్లా వాడాలో చెబుతూ, బరువులు సర్దేవాడు ఫ్లోర్ ట్రైనర్. ఒక్కరికే గంటసేపు కేటాయించి దగ్గరుండి చేయించేవాడు పర్సనల్ ట్రైనర్. ఫ్లోర్ ట్రైనర్‌కు జీతం మాత్రమే ఉంటుంది. పర్సనల్ ట్రైనర్‌కు జీతంతోపాటు కస్టమర్ కట్టే ఫీజులో వాటా వస్తుంది. చాలామంది మొదట ఫ్లోర్ మీద చేరి తర్వాత రెండో దానికి మారతారు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. జీతం 12 వేలు. పర్సనల్ ట్రైనింగ్‌కు ఒక్కో కస్టమర్ నెలకు 6 వేలు కడితే, అందులో సగం మనకు అనుకుందాం. అయిదుగురు ఉంటే 15 వేలు. మొత్తం 27 వేలు. డిగ్రీ చదివి చిన్న కంపెనీలో చేరినవాడికంటే ఇదే మెరుగనిపిస్తుంది. కానీ ఎండాకాలం సెలవులకు ఇద్దరు ఊరికి పోతే అదే నెలలో 21 వేలు. మనకు జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే ఇంకా తక్కువ. జీతం స్థిరమే గానీ ఆదాయం స్థిరం కాదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. మనం అమ్మేది గంటలు. ఉద్యోగాలు చేసేవాళ్లు పొద్దున 5 నుంచి 10 లోపు, సాయంత్రం 5 నుంచి 10 లోపు మాత్రమే వస్తారు. మధ్యాహ్నం జిమ్ ఖాళీ. అంటే రోజుకు అమ్ముకోగలిగిన గంటలు పదికి మించవు, అందులోనూ ఒంట్లో ఓపిక ఉండేది ఏడెనిమిది గంటలకే. గంటలు పెంచుకోలేం కాబట్టి ఆదాయం పెరగాలంటే గంట ధర పెరగాలి. కండలు చూసి మొదటి నెల ఫీజు కడతారు. పదో నెల కూడా కట్టాలంటే మన తెలివిమీద, నడవడిమీద వాళ్లకు గురి కుదరాలి. ఈ ఒక్క మాట అర్థమైతే ఈ వృత్తి సగం అర్థమైనట్లే.

దెబ్బ తగిలే చోట్లు

మొదటిది వేళలు. పొద్దున నాలుగింటికి లేవాలి, రాత్రి పదకొండుకు పడుకోవాలి. ఇరవై రెండేళ్లప్పుడు ఇది తెలియదు. పెళ్లయి పిల్లలు పుట్టాక, పిల్లలు బడికి పోయేటప్పుడు మనం ఇంట్లో ఉండం, వాళ్లు పడుకున్నాక వస్తాం.

రెండోది భద్రత. పది మంది, అంతకు పైన పనిచేసేచోట ఈ.ఎస్.ఐ., ఇరవై మంది, అంతకు పైన ఉన్నచోట పీ.ఎఫ్. వర్తిస్తాయి. చాలా జిమ్‌లలో అంతమంది ఉండరు. ఉన్నచోట కూడా కొందరిని లెక్కలో చూపరు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. జిమ్‌లు తెరవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది ఆగస్టు 5 నుంచి. ఆ నాలుగు నెలలు నేను పనిచేసే జిమ్ యజమాని ఒక్క రూపాయి ఇవ్వలేదు. "జిమ్ లేనిదే జీతమెక్కడిది" అన్నాడు. నా దగ్గర రాసుకున్న కాగితం ఏదీ లేదు, అడగడానికి దారీ లేదు. ఊరికి పోయి మేనమామ పొలంలో పనిచేశాను. 2021లో మళ్లీ మూతపడ్డప్పుడు కూడా అదే కథ.

మూడోది ఒళ్లు. రోజుకు పదిసార్లు ఇతరుల బరువులు పట్టుకోవడం, వంగడం, గంటల తరబడి నిలబడటం వల్ల నడుము, భుజం, మోకాలు అరుగుతాయి. ముప్పై అయిదు దాటాక కండలతో ఇరవై ఏళ్ల కుర్రవాడితో పోటీపడలేం.

నాలుగోది, అన్నింటికంటే ప్రమాదమైనది, దొంగ దారి. త్వరగా కండలు రావాలని స్టెరాయిడ్ సూదులు వేసుకునేవాళ్లు, వేసేవాళ్లు, అమ్మేవాళ్లు ఈ రంగంలో ఉన్నారు. డాక్టరు చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు. గుండె, కాలేయం దెబ్బతింటాయి, మగవాళ్లకు వృషణాలు కుంచించుకుపోయి సంతానం కలగకపోవచ్చు. జీతం చాలనప్పుడు పొడి డబ్బాలమీద, సూదులమీద వచ్చే కమీషన్ నోరూరిస్తుంది. ఆ డబ్బు ఒక్కసారి ముట్టుకున్నవాడు ఇక ట్రైనర్ కాదు. ఎవరి కొడుకుకైనా ఏదైనా అయితే పోలీసులు వచ్చేది మన ఇంటికే. వెనుక నిలబడి మాట్లాడే పెద్దమనుషులు మనకు లేరన్న సంగతి మరవకూడదు.

నిలబడినవాళ్లు ఏం చేశారు?

నాతోపాటు చేరినవాళ్లలో కొందరు రెండు మూడేళ్లలో మానేసి డెలివరీ పనులకు, డ్రైవింగ్‌కు పోయారు. నిలబడినవాళ్లను చూస్తే వాళ్లలో ఒక పోలిక కనిపిస్తుంది. వాళ్లు కండలు కావాలనే కుర్రాళ్లను వదిలి, ఆరోగ్యం కావాలనే పెద్దవాళ్ల వైపు మళ్లారు.

నా సంగతే చెబుతాను. లాక్‌డౌన్‌లో జిమ్ మూతపడ్డప్పుడు ఒక రిటైర్డ్ టీచరుగారు ఫోన్ చేసి, "బాబూ, వీడియోలో నాతో వ్యాయామం చేయిస్తావా, ఫీజు ఇస్తాను" అన్నారు. ఆమెకు షుగర్, మోకాళ్ల నొప్పులు. నాకు తెలిసిన విద్య ఆమెకు ఏమాత్రం పనికిరాదని మొదటిరోజే తెలిసింది. అప్పుడు చదవడం మొదలుపెట్టాను. పెద్దవాళ్లకు ముందు కావలసింది కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవగలగడం, పడిపోకుండా నిలబడగలగడం. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. షుగర్ మందులు వాడేవాళ్లకు వ్యాయామం మధ్యలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు కనిపిస్తే వెంటనే ఆపి తీపి ఇవ్వాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు. దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం చేయడం మన పని కాదు, ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాలి.

ఇవి తెలిసిన ట్రైనర్‌ను వయసు చూసి ఎవరూ తీసేయరు. పైగా తల నెరిసినవాడంటేనే పెద్దవాళ్లకు ధైర్యం. చెల్లెళ్లకు ఒక మాట. ఆడవాళ్లకు ఆడ ట్రైనర్లే కావాలని అడిగే ఇళ్లు చాలా ఉన్నాయి, నేర్పేవాళ్లు తక్కువ. కాన్పు తర్వాత డాక్టరు అనుమతితో చేయించే వ్యాయామాలు నేర్చుకుంటే పనికి కొదవ ఉండదు. అయితే తెల్లవారుజామున రాకపోకల భద్రత ముందే చూసుకోవాలి.

ఏం చదవాలి?

మనదేశంలో జిమ్ ట్రైనర్‌కు ఫలానా లైసెన్సు ఉండాలనే చట్టం లేదు. అందుకే ఎవరైనా చేరవచ్చు, అందుకే ఎవరినైనా తీసేయవచ్చు. మనల్ని మిగతావాళ్లనుంచి వేరుచేసేది చదువే.

క్రీడలు, ఫిట్‌నెస్ రంగానికి ఉన్న నైపుణ్య మండలి ద్వారా ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు చేయవచ్చు. ప్రభుత్వ నైపుణ్య పథకాల కింద ఎక్కడైనా ఉచితంగా నేర్పుతున్నారేమో ముందు విచారించండి. 1961లో పాటియాలాలో ఏర్పడిన జాతీయ క్రీడా సంస్థ, అదే ఎన్.ఐ.ఎస్., ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు, ఆపైన డిప్లొమా నడుపుతుంది. విదేశీ సర్టిఫికెట్లకు పెద్ద జిమ్‌లలో గిరాకీ ఉంది గానీ ఫీజు బరువు, పరీక్ష ఇంగ్లీషులో. చేరిన ఏడాది తర్వాత, సంపాదించిన డబ్బుతో రాయండి. అప్పుచేసి రాయకండి.

ఇంటర్ తర్వాత డి.పి.ఎడ్., డిగ్రీ తర్వాత బి.పి.ఎడ్. ఉన్నాయి. వీటికి పీఈసెట్ రాయాలి, పరుగు, దూకుడు వంటి శారీరక పరీక్షలు ఉంటాయి. వీటితో బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులు కావచ్చు. అయితే ప్రభుత్వ ఉద్యోగం ఒక్కదానిమీదే ఆశ పెట్టుకోవద్దు. 2024 తెలంగాణ డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే పీఈటీ పోస్టులు 182 మాత్రమే.

చేరేముందు

జిమ్‌లో చేరేవాళ్లు యజమానిని ఈ నాలుగు విషయాలు అడగాలి.

1. జీతమెంత, వాటా ఎంత, ఏ తారీకున ఇస్తారు? కాగితం మీద రాసి ఇస్తారా?
2. జిమ్ మూతపడితే, నాకు దెబ్బ తగిలితే ఏమిటి పరిస్థితి?
3. పీ.ఎఫ్., ఈ.ఎస్.ఐ. ఉన్నాయా?
4. పొడి డబ్బాలు అమ్మాలని లెక్కలు పెడతారా?

అక్కడ భద్రత లేకపోతే మనమే కొంత ఏర్పాటు చేసుకోవాలి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు. అటల్ పెన్షన్‌లో 18 ఏళ్లకు చేరితే నెలకు 210 రూపాయలు, 25 ఏళ్లకు చేరితే 376 రూపాయలు కట్టాలి. అరవై ఏళ్ల నుంచి నెలకు 5 వేలు వస్తుంది. నేను ఇరవై రెండేళ్లప్పుడు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

తమ్ముడికి జవాబు

తమ్ముడూ, ఈ వృత్తి జీవితాంతం నిలబడుతుందా అంటే, నిలబడుతుంది. కానీ కండలమీద నిలబడదు, చదువుమీద నిలబడుతుంది. మొదటి పదేళ్లు ఒళ్లు తిండి పెడుతుంది, తర్వాత ముప్పై ఏళ్లు బుర్ర పెట్టాలి.

కాబట్టి చేరు. కానీ డిగ్రీ మానేసి కాదు. కాలేజీకి అడ్డురాకుండా పొద్దున ఒక పూటే చేస్తానని అడుగు. జీతం సగమే ఇస్తారు, ఫరవాలేదు. అమ్మకు ఆ ఆరు వేలు పంపు. లాక్‌డౌన్ తర్వాత నేను బి.పి.ఎడ్. చేయగలిగానంటే ఎప్పుడో పాసై, ట్రంకుపెట్టె అడుగున పడేసిన డిగ్రీ కాగితమే కారణం. ఈరోజు పగలు ఒక ప్రైవేటు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిని, సాయంత్రం పెద్దవాళ్లకు వ్యాయామం చేయిస్తాను. గొప్పగా లేను, నిశ్చింతగా ఉన్నాను. రాత్రి తొమ్మిదికి ఇంట్లో పిల్లలతో కలిసి అన్నం తింటాను.

నీకున్న డిగ్రీ ఇంకా మూడు సెమిస్టర్లే. మన హాస్టల్‌లో అన్నం, పడక, స్కాలర్‌షిప్ ఉన్న ఈ రోజులు మళ్లీ రావు. బయటికి పోయాక ఒక్కో సెమిస్టర్‌కు ఎంత ఖర్చవుతుందో మన పాత విద్యార్థుల్లో ఎవరినైనా అడుగు. పరీక్ష ఫీజుకు ఇబ్బంది అయితే నాకు చెప్పు. వార్షికోత్సవం రోజు వస్తాను, జిమ్ యజమానితో ఏం మాట్లాడాలో ఇద్దరం కూర్చుని రాసుకుందాం.