మన శ్వాసవ్యవస్థ - ఒక సోమవారం కథ

"సావనీరుకు మీ సబ్జెక్టులో ఒక వ్యాసం కావాలి మాస్టారూ" అని విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగాడు. జంతుశాస్త్రం లెక్చరర్‌ని కనుక ఏ కప్ప గురించో, వానపాము గురించో వ్రాస్తానని అనుకుని ఉంటాడు. నేను ఊపిరితిత్తుల గురించి వ్రాయదలచుకున్నాను. దానికి కారణం ఉన్నది. ఇదే కళాశాలలో నేను బి.యస్సీ. చదివే రోజుల్లో పాఠ్యపుస్తకంలోని అధ్యాయం ఒకటి సరాసరి మా ఇంట్లోకి నడిచి వచ్చింది. అది శ్వాసక్రియ అధ్యాయం.

మా నాన్న నూలు మిల్లులో పనివాడు. దూది బేళ్లు విప్పి, దులిపి, ఏకే విభాగంలో పదిహేనేళ్లు చేశాడు. ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద కూడా దూది పొట్టు ఉండేది. ఆదివారం మిల్లుకు సెలవు. ఆ రోజంతా నాన్న హాయిగా తిరిగేవాడు. సోమవారం మధ్యాహ్నం దాటేసరికి మాత్రం గుండెల మీద రాయి పెట్టినట్టున్నదనేవాడు. ఆ రాత్రి మంచం మీద కూర్చునే కునికేవాడు. మంగళ, బుధవారాలకు కొంత తేరుకునేవాడు. "ఆదివారం తిని పడుకుంటే సోమవారం పనికి ఒళ్లు వంగుతుందా?" అని మా అమ్మ దెప్పేది. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. టౌను ఆసుపత్రిలో క్షయ ఏమోనని ఎక్స్‌రే తీశారు. "ఏమీ లేదు, శుభ్రంగా ఉన్నది" అని పంపేశారు. దానితో అమ్మ మాటకు ఇంకా బలం వచ్చింది.

నాన్నకు నిజంగా ఏమైనదో తెలియాలంటే ముందు గాలి నడిచే దారి తెలియాలి.

గాలి నడిచే దారి

ముక్కులో ప్రవేశించిన గాలికి మూడు మర్యాదలు జరుగుతాయి. వెచ్చబడుతుంది, తడి పట్టుకుంటుంది, శుభ్రపడుతుంది. అక్కడి వెంట్రుకలూ, జిగురు పొరా పెద్ద ధూళి కణాలను పట్టి ఆపుతాయి. తర్వాత గ్రసని వస్తుంది. ఇక్కడ అన్నానికీ గాలికీ ఒకటే దారి. ఆ కూడలిలో ఉపజిహ్విక అనే మూత కాపలా కాస్తుంది. మనం మింగేటప్పుడు అది స్వరపేటిక ద్వారాన్ని కప్పుతుంది. భోంచేస్తూ కబుర్లు చెబితే ఈ ఏర్పాటు ఒక్కోసారి తప్పుతుంది. అప్పుడు పొలమారుతుంది. "ఎవరో తలుచుకుంటున్నారు" అని పెద్దవాళ్లు నెత్తి మీద తడతారు. తలుచుకున్నవారెవరో గాని, మనల్ని కాపాడేది ఆ దగ్గే.

స్వరపేటిక క్రింద వాయునాళం ఉంటుంది. దాని పొడవు సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లు. ఇంగ్లీషు 'సి' అక్షరం ఆకారంలో ఉన్న 16 నుంచి 20 మృదులాస్థి వలయాలు దీన్ని మూసుకుపోకుండా నిలబెడతాయి. ఛాతీలోకి దిగిన తర్వాత ఇది రెండు శ్వాసనాళాలుగా చీలుతుంది. కుడివైపుది కొంచెం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. అందుకే పిల్లల గొంతులో శనగగింజ దారి తప్పితే ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోకే పోతుంది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండే. గుండెకు చోటివ్వాలి కదా!

శ్వాసనాళాలు చెట్టు కొమ్మల్లాగా చీలుతూ పోతాయి. వాయునాళం మొదలుకొని చివరి దాకా సుమారు 23 సార్లు ఈ చీలిక జరుగుతుంది. లోపలి గోడల మీద శైలికలనే సన్నని నూగు ఉంటుంది. దుమ్ము అంటుకున్న శ్లేష్మాన్ని అది రాత్రింబగళ్లు గొంతు వైపుకు ఊడ్చి పంపుతుంది. ఒక మిల్లీమీటరు, అంతకన్న సన్నని కొమ్మలను శ్వాసనాళికలు అంటారు. వీటికి మృదులాస్థి ఉండదు, చుట్టూ కండర పోగులు మాత్రం ఉంటాయి. కండరం బిగిస్తే నాళిక ఇరుకైపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

చిట్టచివర ద్రాక్ష గుత్తుల్లాగా వాయుగోణులు ఉంటాయి. ఒక మనిషిలో 30 నుంచి 50 కోట్ల దాకా ఉంటాయని అంచనా. అన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అనగా ఒక మోస్తరు ఇంటి నేలంత అవుతుంది. ఒక్కొక్క గోణి చుట్టూ రక్తకేశనాళికల వల అల్లుకుని ఉంటుంది. గాలికీ రక్తానికీ నడుమ గోడ మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ గోడ గుండా ఆక్సిజన్ రక్తంలోకి వెళ్లి ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ ఎదురు వచ్చి బయటకు పోతుంది.

పీల్చటం, వదలటం

ఊపిరితిత్తులకు తమంతట తాము వ్యాకోచించే శక్తి లేదు. ఛాతీకీ పొట్టకూ నడుమ గొడుగులా ఉండే ఉదరవితానం సంకోచించి క్రిందికి దిగుతుంది, ప్రక్కటెముకలు పైకి లేస్తాయి. ఛాతీ లోపలి జాగా పెరిగి, పీడనం తగ్గి, గాలి లోపలికి వస్తుంది. పీల్చటం కండరాలు చేసే పని. మామూలుగా వదలటానికి పని అక్కరలేదు. సాగదీసిన రబ్బరులాగా ఊపిరితిత్తులే వెనక్కు ముడుచుకుంటాయి.

ఒక్కొక్క శ్వాసలో సుమారు 500 మిల్లీలీటర్ల గాలి లోపలికి వస్తుంది. అందులో 150 దాకా దారిలోనే ఉండిపోతుంది, గోణులకు చేరదు. నిమిషానికి 15 శ్వాసల లెక్కన రోజుకు 10,800 లీటర్లు. ఎనిమిది గంటల షిఫ్టులో, కదలకుండా కూర్చున్నవాడు కూడా 3,600 లీటర్లు పీలుస్తాడు. బేళ్లు మోసేవాడి సంగతి చెప్పనక్కరలేదు. ఆ గాలిలో ఏమి ఉంటే అది లోపలికి పోవలసిందే.

నిండుగా పీల్చి పూర్తిగా వదిలిన గాలిని కొలవటానికి 1846లో లండనులో జాన్ హచిన్సన్ స్పైరోమీటరును ప్రకటించాడు. మనిషి ఎత్తు, వయస్సు, స్త్రీపురుష భేదం బట్టి ఆ కొలత రమారమి 3 నుంచి 5 లీటర్లు ఉంటుంది. నూరేళ్ల తర్వాత, 1947లో ఫ్రాన్సులో టిఫెనో, పినెలీ అనే ఇద్దరు ఆ కొలతకు గడియారాన్ని జోడించారు. మొత్తం ఎంత వదిలాడన్నది ఒక్కటే చాలదు, మొదటి సెకనులో ఎంత వదిలాడన్నది కూడా చూడాలన్నారు. ఆరోగ్యవంతుడైన యువకుడు ముప్పాతిక భాగం పైగా మొదటి సెకనులోనే వదిలేస్తాడు.

ఫిజిక్సు విద్యార్థులకు దీని మర్మం వెంటనే తడుతుంది. గొట్టంలో నిలకడగా పారే ప్రవాహానికి కలిగే నిరోధం వ్యాసార్ధం నాల్గవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. వ్యాసార్ధం సగమైతే నిరోధం రెండింతలు కాదు, 16 రెట్లు! పైగా పీల్చేటప్పుడు ఛాతీ విచ్చుకుని నాళికలను తెరిచి ఉంచుతుంది, వదిలేటప్పుడు అవి సహజంగానే ఇరుకవుతాయి. కనుక నాళికల జబ్బు మొదట బయటపడేది ఊపిరి వదలటంలో. ఎక్స్‌రే నిశ్చలమైన నీడను చూపిస్తుంది గాని గాలి ఎంత వేగంగా పోతున్నదో చూపించలేదు.

సోమవారం రహస్యం

ఈ పాఠం చెబుతూ మా మాస్టారు ఒక చిన్న పరీక్ష చెప్పారు. నిండుగా పీల్చి, నోరు తెరిచి, ఎంత బలంగా వీలైతే అంత బలంగా ఊదాలి. ఆరోగ్యవంతుడు మూడు నాలుగు సెకన్లలో ఖాళీ చేస్తాడు. ఆరు సెకన్లు దాటితే నాళికలు ఇరుకైనాయేమోనని అనుమానించాలి.

నేను మిత్రుని రిస్టువాచీ అడిగి తెచ్చుకుని, ఆదివారం రాత్రి నాన్నను వాకిట్లో కూర్చోబెట్టి ఊదమన్నాను. "ఇదేం చదువురా నాయనా" అని నవ్వుతూనే ఊదాడు. అయిదు సెకన్లు. సోమవారం సాయంత్రం మళ్లీ ఊదించాను. ఈసారి నవ్వలేదు. తొమ్మిది సెకన్లయినా సన్నగా పిల్లికూత వస్తూనే ఉన్నది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తున్నది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ దెప్పలేదు.

మరునాడు మాస్టారికి చెప్పాను. "మీ నాన్న ఏం పని చేస్తాడోయ్?" అని అడిగారు. అంతవరకు మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న అది. తర్వాత జబ్బు పేరు చెప్పారు. బిస్సినోసిస్. పత్తి, జనుము, అవిసె నార ధూళి వల్ల వచ్చే జబ్బు. జనుము, అవిసె ఏకేవారి దగ్గును ఇటలీ వైద్యుడు రామజ్జీని మూడు శతాబ్దాల క్రితమే వర్ణించాడు. 1950లలో ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో రిచర్డ్ షిల్లింగ్ ఈ జబ్బును మెట్లుగా విభజించాడు. ఆయనకు ఆధారం యంత్రం కాదు, "నీకు ఛాతీ ఏ రోజు బిగుస్తుంది?" అనే ప్రశ్న. మొదట్లో సెలవు మరునాడే బిగుస్తుంది. తర్వాత మిగతా రోజులకూ పాకుతుంది. చివరకు పని మానినా పోని ఆయాసంగా స్థిరపడుతుంది.

సోమవారమే ఎందుకు? వారమంతా ధూళిలో ఉన్న శరీరం దానికి కొంత అలవాటు పడుతుంది. సెలవు రోజున ఆ అలవాటు తప్పుతుంది. తిరిగి ధూళి సోకగానే నాళికల గోడలు రేగి, ఇందాక చెప్పిన కండర పోగులు బిగుస్తాయి. దూదిని ఆశ్రయించి ఉండే బాక్టీరియాల విషపదార్థం ఇందులో ముఖ్యపాత్ర వహిస్తుందని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంటే నాన్నది బద్ధకం కాదు. ఆదివారం విశ్రాంతి తీసుకున్నది ఆయన ఒక్కడే కాదు, ఆయన శ్వాసనాళికలు కూడా.

మాస్టారు వ్రాసిచ్చిన చీటీతో ఛాతీ వైద్యుని దగ్గరకు వెళ్లాం. స్పైరోమీటరు అదే మాట చెప్పింది. డాక్టరు గారి ఉత్తరం పట్టుకుని నాన్న మిల్లు ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగితే, దూది గదిలో నుంచి తీసి గేటు దగ్గర వేశారు, జీతం కొంత తగ్గించి. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం పట్టికలో ఈ జబ్బు కూడా చేరిందన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సోమవారాలు తేలికపడ్డాయి. కాని పోయిన ఊపిరి మొత్తం తిరిగి రాలేదు. నా పెళ్లినాడు కళ్యాణమండపం మెట్లెక్కుతూ నాన్న రెండుసార్లు ఆగాడు. నేనూ ఆయనతో పాటు ఆగాను.

రోగిని చూసినప్పుడు అడగవలసిన ప్రశ్నల్లో "నీ వృత్తి ఏమిటి?" అన్నది కూడా చేర్చాలని రామజ్జీని వైద్యులకు చెప్పాడు. విద్యార్థి మిత్రులారా, మీలో రాళ్ల క్వారీల నుంచి, పత్తి మిల్లుల నుంచి, పొగాకు గోడౌన్ల నుంచి, కట్టెల పొయ్యి వంటిళ్ల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. పరీక్షల కోసం 23 చీలికలు, 500 మిల్లీలీటర్లు బట్టీ పట్టండి, తప్పదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం అమ్మనో నాన్ననో ఒకసారి ఊదమని గడియారం చూడండి. ఆరు దాటితే అదే జబ్బని తీర్మానించకండి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. ఆయన అడిగినా అడగకపోయినా, వాళ్లు ఏం పని చేస్తారో మీరే ముందు చెప్పండి.