మన చేపల పేర్లు – వాని వంట, వాని వెల

ధాన్యపుగింజను చేతఁబట్టి ఇవి అక్కుళ్ళు, ఇవి కృష్ణకాటుకలు అని చెప్పఁగల రైతు, చెఱువులో పట్టిన సరకును సంతకు పంపునప్పుడు మాత్రము లెక్కపుస్తకములో "చేపలు" అని యొక్కమాట వ్రాసి ఊరకుండును. దీనివలన కలుగు నష్టము స్వల్పము కాదు. మన ప్రాంతములలో చేప పేరు వట్టి గుర్తు కాదు. ఆ చేప ఎక్కడిదో, ఏ కాలమునఁ బట్టినదో, ఎట్లు వండవలెనో, ఎవరికిఁ బెట్టవలెనో ఆ పేరే తెలుపును. పేరు పోయినచో ఆ గుణమునకు రావలసిన వెలయుఁ బోవును. కావున చేపలు పెంచి అమ్ము సభ్యులును, కొని తిను సభ్యులును ఈ క్రింది సంగతులను గమనింపవలెను.

1. పులస

ఒకే చేపకు తావునుబట్టి పేరు మాఱుటకు ఇది మంచి యుదాహరణము. సముద్రమున నున్నంతవఱకు దీనిని వలస యనియు, ఇలస యనియు అందురు. జూలై మొదలు సెప్టెంబరు వఱకు వరదనీటికి ఎదురీది, గ్రుడ్లు పెట్టుటకై గోదావరిలోఁ బ్రవేశించిన పిదప అదియే పులస యగును. బెంగాలీలు ఇలిష్ అనునదియు, ఒడియావారు ఇలిషి అనునదియు, సింధీలు పల్లా అనునదియు ఈ జాతియే. ధవళేశ్వరమున 1847–1852 సంవత్సరముల మధ్య ఆనకట్ట కట్టఁబడిన తరువాత పైకిఁ బోవు దారి మూసికొనిపోయినది. అందుచేత నిది ఆనకట్టకు దిగువ పాయలలోనే ముఖ్యముగా దొరకును.

ఈ చేపకు సన్నపుముండ్లు మెండు, క్రొవ్వును మెండు. కనుకనే దీనిని తొందరపడి వండరు. మట్టిదాకలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు, పచ్చిమిరపకాయలు చేర్చి, సన్నని సెగపైఁ జాలసేపు ఉడికింతురు. మఱునాఁడు తినినచో రుచి హెచ్చునని గోదావరివారి మాట. శెన గల ఆడచేపకు వెల యెక్కువ. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత యుండుటచేత, మంచుపెట్టెలలో వచ్చిన సముద్రపుఁ జేపను ఈ పేరుతో నమ్ముటయుఁ గలదు. జాతి యొకటే యైనను, కొనువాఁడు వెల యిచ్చుచున్నది ఏటిచేపకు. కాఁబట్టి "పులసయేనా?" అని యడిగిన చాలదు. ఏ రేవునఁ బట్టినది, ఎన్నఁడు పట్టినది అని యడుగవలెను.

2. కొరమీను

తెలంగాణమున కొర్రమీను, గోదావరి ప్రాంతమున కొర్రమట్ట. తెలంగాణ రాష్ట్రమునకు ఇది రాష్ట్రమత్స్యము. నడిముల్లు తప్ప సన్నపుముండ్లు తక్కువగుటచేత పిల్లలకును, జ్వరము తగ్గి పథ్యము తినువారికిని దీనిని పెట్టుదురు. వండుటకు ముందు ఉప్పుతోనో, బూడిదతోనో రుద్ది జిగురు పోఁగొట్టవలెను.

ఈ చేప నీటిపైకి వచ్చి గాలి పీల్చును. కావున తడియాఱకుండఁ జూచినచోఁ జాలసేపు ప్రాణముతో నుండును. సంతలో "బ్రతికిన కొరమీను" అను మాటకే వెల. గంగాళమును అంచువఱకు నీటితో నింపరాదు. పైన గాలికిఁ జోటు విడిచి, ఎగిరిపోకుండ రంధ్రములు గల మూఁత పెట్టవలెను. దీనినే చచ్చిన తరువాత ఇతర చేపలతోఁ గలిపి కలగూరగంపగా నమ్మినవాఁడు తన లాభమును తానే పాఱవేసికొన్నట్లు.

3. బొచ్చె, శీలావతి, మోసు

మన చెఱువులలోఁ బెంచు మూఁడు ముఖ్యజాతు లివి. బొచ్చెను వర్తకులు కట్ల యందురు. దీని తల పెద్దది. తలకాయపులుసు కోరువారు దీనినే యడుగుదురు. రోహు అనఁబడు చేప యొకచోట శీలావతి, మఱియొకచోట రాగండి, తెలంగాణమున రవ్వ. మృగాల యనునది మోసు, ఎఱ్ఱమోసు. బొచ్చె పైనీటను, శీలావతి నడుమను, మోసు అడుగునను మేయును. అందుచేతనే మూఁటిని కలిపి పెంచుదురు. కలిపి పెంచుట మంచిదే. కలిపి అమ్ముట మంచిది కాదు.

4. పేరు చూచి మోసపోవుట

చందువ సముద్రపుఁజేప. వేపుడునకు మిక్కిలి తగినది. రూప్‌చంద్ అనునది దక్షిణ అమెరికానుండి వచ్చి మన చెఱువులలోఁ బెరుగుచున్న చేప. ఆకారమునఁ గొంత పోలిక యుండుటచేత కొన్ని సంతలలో దీనిని చందువ పేరుతో నమ్ముదురు. రూప్‌చంద్‌కు దాని పేరు, దాని వెల యున్నవి. ఒకదాని పేరు మఱియొకదానికిఁ బెట్టరాదు. అటులే మార్పు మన దేశపుఁజేప. దానిని పోలిన ఆఫ్రికా జాతిని పెంచుట మన దేశమున నిషిద్ధము. మార్పు పేరుతో దాని పిల్లలను తెచ్చి చెఱువులో విడిచినచో ఇతర చేపలను తినివేయును.

5. ఉపయోగమును తెలుపు పేర్లు

తీరమున బాలింతలకుఁ బెట్టు చిన్నసొరకు పాలసొర యని పేరు. ఉడికించి, తోలు తీసి, చిదిమి, పొడికూరగా వండుదురు. చేదుపరిగె పేరులోనే హెచ్చరిక యున్నది. పొట్ట బాగుగాఁ దీసి కడుగనిచోఁ గూర చెడును. నెత్తళ్ళు పచ్చివి వేపుడునకును, ఎండినవి వంకాయకూరలోనికిని తగును.

6. సంఘము చేయవలసిన పని

ప్రతి సంఘమును అమ్మకపు పుస్తకములో నాలుగు గళ్ళు గీయవలెను: మన యూరి పేరు, కొనువాని యూరి పేరు, పచ్చిదా బ్రతికినదా ఎండినదా యనునది, తూకము. ఇందులకుఁ బట్టు ఖర్చు ఒక గీఁతపుల్ల, కొంత యోపిక. ఊరిలో వలవేయు పెద్దలను, చేపలమ్ము స్త్రీలను కూర్చుండఁబెట్టి యడిగినచో ఒక్క సాయంకాలములో పట్టిక సిద్ధమగును. ఈ విద్యలో వారే గురువులు. పేరు తెలిసి అమ్మువాఁడు వెల యడుగఁగలఁడు. పేరు తెలియనివాఁడు ఇచ్చినది పుచ్చుకొని యింటికిఁ బోవును.