వడ్ల కాంటా

వానాకాలం వరి కోతలు అయిపోయాయి. ఊరి బయట రోడ్డు పొడుగునా వడ్ల కుప్పలే ఉన్నాయి. ఒక కుప్ప దగ్గర అత్తాకోడళ్ళు కాపలా కాస్తున్నారు. పొద్దు గూకుతున్నది. పడమట మబ్బు పట్టింది.

ఒక వ్యాపారి వచ్చి మోటారు సైకిలు ఆపాడు. గుప్పెడు వడ్లు తీసి చూశాడు.

"క్వింటాలుకు 2,000 ఇస్త. రేపే లారీ తెస్త. ఎల్లుండి పైసలు మీ చేతుల ఉంటయి. సెంటర్ల పోస్తే మీ వంతు ఎప్పుడొస్తదో! వాన పడితే వడ్లు మొలకలొస్తయి" అన్నాడు.

కోడలు భయపడింది. "ఇచ్చేద్దాం అత్తమ్మా. మబ్బు చూడు, ఎట్లున్నదో" అంది.

అత్త వెంటనే జవాబు చెప్పలేదు. యాభై ఏళ్ళు దాటాక ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆ పొద్దున్నే కొనుగోలు కేంద్రం ముందు కట్టిన బోర్డును కూడబలుక్కుని చదివింది. అంకెలు ఆమెకు గుర్తున్నాయి. 2025-26 సంవత్సరానికి ఏ గ్రేడు వడ్లు క్వింటాలుకు 2,389 రూపాయలు. సాధారణ రకం 2,369 రూపాయలు.

"మనవి ఏ గ్రేడు వడ్లు. క్వింటాలుకు 389 రూపాయలు తేడా ఉంది బిడ్డా. మనయి 20 క్వింటాళ్ళు అయితయి. లెక్క కట్టు" అంది అత్త.

కోడలు పుల్లతో నేల మీద రాసింది. 20 సార్లు 389. మొత్తం 7,780 రూపాయలు.

"అమ్మో! ఇంత పోతదా?" అంది కోడలు.

అత్త వ్యాపారితో, "మేము ఇయ్యం అన్నా. సెంటర్లనే పోస్తం" అంది. అతడు వెళ్ళిపోయాడు. ఇద్దరూ కలిసి కుప్ప మీద పరదా కప్పారు. అంచుల మీద రాళ్ళు పెట్టారు.

ఈ ధర ఎక్కడి నుంచి వచ్చింది?

బోర్డు మీద ఉన్న ధరను మద్దతు ధర అంటారు. దాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రతి సంవత్సరం ప్రకటిస్తుంది. దీని వెనక ఒక కథ ఉంది.

1943లో బెంగాల్‌లో పెద్ద కరువు వచ్చింది. లక్షల మంది తిండి లేక చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన దేశానికి తిండి గింజలు చాలలేదు. 1965, 1966 సంవత్సరాల్లో వానలు సరిగా పడలేదు. అమెరికా నుంచి ఓడల్లో గోధుమలు తెప్పించుకోవలసి వచ్చింది.

అప్పుడు ప్రభుత్వం మూడు పనులు మొదలుపెట్టింది. మూడూ 1965లోనే మొదలయ్యాయి.

మొదటిది ధర. పంట పండితే ధర పడిపోతుంది. ధర పడిపోతే రైతు మళ్ళీ ఎందుకు పండిస్తాడు? అందుకే పంటల ధరలు సూచించడానికి ఒక సంఘాన్ని నియమించారు.

రెండవది గోదాము. వడ్లు, గోధుమలు కొని నిల్వ చేయడానికి భారత ఆహార సంస్థను పెట్టారు. దీన్నే ఎఫ్.సి.ఐ. అంటారు.

మూడవది విత్తనం. దేశమంతటా వరి పరిశోధనను ఒక్కచోట కలిపే పథకం మొదలుపెట్టారు. దాని కేంద్రం హైదరాబాదు దగ్గర రాజేంద్రనగర్‌లో ఉంది.

1966లో ఫిలిప్పీన్స్ దేశంలోని పరిశోధన కేంద్రం నుంచి ఐ.ఆర్. 8 అనే కొత్త వరి వచ్చింది. పాత వరి పొడుగ్గా పెరిగి పడిపోయేది. ఐ.ఆర్. 8 పొట్టిగా ఉండి, ఎరువు వేసినా పడిపోకుండా నిలబడేది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు దాన్ని పండించి అందరికీ చూపించారు.

తరువాత మన శాస్త్రవేత్తలు మన నేలకు తగిన విత్తనాలు తయారు చేశారు. పశ్చిమ గోదావరిలోని మార్టేరు కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది. బాపట్ల నుంచి 1986లో సాంబ మసూరి వచ్చింది. రాజేంద్రనగర్ నుంచి 2015లో తెలంగాణ సోనా వచ్చింది.

విత్తనానికి నీళ్ళు కావాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఇలాంటి ప్రాజెక్టుల కింద వరి సాగు పెరిగింది.

1950-51లో మన దేశంలో సుమారు 2 కోట్ల టన్నుల బియ్యం పండింది. 2022-23లో 13 కోట్ల 50 లక్షల టన్నులకు పైగా పండింది. నారు పీకి, నాటు వేసి, కలుపు తీసిన ఆడవాళ్ళ చేతులు ఈ లెక్క వెనక ఉన్నాయి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. మద్దతు ధరకే కొనాలని వ్యాపారిని బలవంతపెట్టే చట్టం దేశమంతటికీ లేదు. ఆ ధర చేతికి రావాలంటే ప్రభుత్వం తరఫున కొనే కేంద్రం దగ్గరలో ఉండాలి. తెలంగాణలో చాలా ఊళ్ళలో ఈ కేంద్రాలను మహిళా సంఘాలు నడుపుతున్నాయి. ఆ పనికి సంఘానికి కొంత కమీషన్ వస్తుంది.

తేమ మిషన్

మరునాడు అత్తాకోడళ్ళు వడ్లను కేంద్రానికి తీసుకుపోయారు. సంఘం అధ్యక్షురాలు తేమ మిషన్‌లో గింజలు పోసింది. 20 అని అంకె కనిపించింది.

"తేమ 17కు మించొద్దు అక్కా. ఇంకా ఎండాలె" అంది అధ్యక్షురాలు.

కోడలికి కోపం వచ్చింది. "తీసుకోకపోతే మేమేం జేయాలె?" అంది.

"కోపం వద్దు చెల్లె. ఎక్కువ తేమతో నిల్వ పెడితే వడ్లు వేడెక్కి రంగు మారుతయి. బియ్యం పాడైతది. ఇక్కడే ఆరబోయండి. జాగా ఉంది" అంది అధ్యక్షురాలు.

ఇద్దరూ వడ్లను పలుచగా పరిచారు. గంట గంటకు కాళ్ళతో తిరగదోశారు. తాలు, గడ్డి పోయేలా తూర్పారబట్టారు. 100 కిలోల వడ్లలో మట్టి, రాళ్ళు ఒక కిలోకు మించకూడదు. గడ్డి, పొట్టు, తాలు కూడా ఒక కిలోకు మించకూడదు.

రాత్రి చినుకులు పడ్డాయి. కేంద్రంలో ఉన్న ఆడవాళ్ళంతా లేచారు. ఎవరి కుప్ప అని చూడకుండా అందరి కుప్పల మీదా పరదాలు కప్పారు. తెల్లవారి మళ్ళీ ఎండ వచ్చింది.

మూడో రోజు అత్త ఒక గింజను పంటి కింద పెట్టి కొరికింది. టక్కున విరిగింది. "ఇప్పుడు ఎండినయి" అంది. మిషన్‌లో పోస్తే 16 వచ్చింది.

కాంటా దగ్గర

కాంటా మొదలైంది. హమాలీలు సంచులు నింపుతున్నారు. ఒక్కో సంచిలో 40 కిలోల వడ్లు ఉండాలి. అత్త కాంటా ముందు నిలబడి అంకె చదివింది. 42 కిలోల 600 గ్రాములు!

"ఇదేంది తమ్మీ? 40 కదా?" అంది.

"మిల్లుల తరుగు తీస్తరు పెద్దమ్మా. అందుకే రెండు కిలోలు ఎక్కువ పెడుతున్నం. అందరికీ గిట్లనే" అన్నాడు కాంటా వేసే అతను.

"ముందు ఖాళీ సంచి తూచు" అంది అత్త.

ఖాళీ సంచి తూచారు. 600 గ్రాములు వచ్చింది.

"అంటే సంచితో కలిపి 40 కిలోల 600 గ్రాములు ఉండాలె. మిగతా రెండు కిలోలు ఎవరివి?" అని అడిగింది అత్త.

ఎవరూ మాట్లాడలేదు. కోడలు నేల మీద మళ్ళీ లెక్క రాసింది.

20 క్వింటాళ్ళు అంటే 2,000 కిలోలు.
సంచికి 40 కిలోల చొప్పున 50 సంచులు.
సంచికి 2 కిలోలు పోతే 50 సంచులకు 100 కిలోలు.
100 కిలోలు అంటే ఒక క్వింటాలు. దాని ధర 2,389 రూపాయలు.

చుట్టూ ఉన్న రైతులు వంగి చూశారు. "మా 100 సంచులకు రెండు క్వింటాళ్ళు పోయినయా?" అని ఒకామె నోరు తెరిచింది.

అత్త అధ్యక్షురాలి వైపు తిరిగింది. "తాలు ఉంటే తూర్పారబడతం. తేమ ఉంటే ఆరబోస్తం. మా వడ్లల్ల తప్పుంటే చూపించున్రి. అన్నీ బాగున్నయి కదా! అయినా తరుగు తీస్తమంటే రసీదుల రాసియ్యున్రి. రాసియ్యనిది మేము ఇయ్యం" అంది.

అధ్యక్షురాలు కాసేపు ఆలోచించింది. తరుగు అని రసీదులో రాయడానికి ఆమెకు అధికారం లేదు. రాయలేనిది తీసుకోవడం ఎలా? "నిజమే అక్కా. మనమే పెట్టుకున్న సంఘం ఇది. మన కాంటా సక్కగుండాలె. మిల్లువాళ్ళు అడిగితే ఆఫీసరు ముందే మాట్లాడుదాం" అంది.

ఆ రోజు నుంచి సంచితో కలిపి 40 కిలోల 600 గ్రాములే తూచారు.

పేరు ఎవరిది?

కాంటా అయ్యాక పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం అడిగారు. అత్త మూడూ తీసి ఇచ్చింది. మూడింటిలోనూ ఆమె పేరే ఉంది.

ముందు అలా లేదు. భర్త చనిపోయాక కూడా పొలం ఆయన పేరు మీదే ఉండేది. సంతకం నేర్చుకున్నాక అత్త తాసిల్దారు ఆఫీసుకు పోయి విరాసత్ చేయించుకుంది. అందుకే ఇప్పుడు డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది.

పక్క కుప్ప ఆమెది కౌలు పొలం. విత్తనం ఆమెదే, కూలి ఖర్చు ఆమెదే. కాగితం మాత్రం భూమి యజమాని పేరు మీద ఉంది. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో అని ఆమెకు దిగులు. కౌలు రైతులకు గుర్తింపు కార్డులు ఇవ్వాలని 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. అయినా చాలామంది కౌలు రైతుల చేతిలో కాగితం లేదు. మద్దతు ధర ఉన్నా కాగితం మీద పేరు లేనివాళ్ళకు అది అందడం కష్టం.

అత్త రసీదు తీసుకుని చదివింది. సంచులు 50. బరువు 20 క్వింటాళ్ళు. ధర 2,389. మొత్తం 47,780 రూపాయలు. అంతా సరిపోయాకే సంతకం చేసింది. డబ్బు పడడం కొన్నిసార్లు ఆలస్యమవుతుంది. అప్పుడు రసీదే సాక్ష్యం. కోడలు దాన్ని మడిచి బ్యాంకు పుస్తకంలో పెట్టింది.

వడ్లు ఎక్కడికి పోతాయి?

లారీ వడ్లను మిల్లుకు తీసుకుపోతుంది. అవి ఇప్పుడు ప్రభుత్వం వడ్లు. 100 కిలోల వడ్లు ఆడించి మిల్లు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి ఇవ్వాలి. ఆ బియ్యం గోదాముకు పోతుంది. అక్కడి నుంచి రేషన్ షాపుకు వస్తుంది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో 2 రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టం దేశమంతటికీ వచ్చింది. దాని కింద పేద ఇంట్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల తిండి గింజలు ఇవ్వాలి. 2023 జనవరి నుంచి వాటిని ఉచితంగా ఇస్తున్నారు.

"అయితే మన వడ్లే మళ్ళీ మన ఇంటికొస్తయా అత్తమ్మా?" అని అడిగింది కోడలు.

"మన ఇంటికో, ఏ కూలి తల్లి ఇంటికో! అందుకే తాలు లేకుండా పోయాలె. తూకం కూడా సక్కగ అడగాలె" అంది అత్త.

గుర్తుంచుకోండి

1. అమ్మే ముందు ఆ సంవత్సరం మద్దతు ధర ఎంతో బోర్డు మీద చదవండి.
2. వడ్ల తేమ 17కు మించకుండా ఆరబెట్టండి.
3. కాంటా అంకె మీరే చదవండి. ఖాళీ సంచిని తూయించండి.
4. రసీదు చదివిన తరువాతే సంతకం చేయండి.

ఆలోచించి చెప్పండి

1. అత్త వ్యాపారికి వడ్లు ఎందుకు అమ్మలేదు?
2. 1965లో ప్రభుత్వం మొదలుపెట్టిన మూడు పనులు ఏవి?
3. మీ ఇంటి పొలం ఎవరి పేరు మీద ఉంది? పంట డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?
4. మీ ఊళ్ళో కౌలుకు చేసే ఆడవాళ్ళు పంట ఎక్కడ అమ్ముతున్నారు?

లెక్క చేయండి

ఒకామె 30 సంచుల వడ్లు అమ్మింది. సంచికి 40 కిలోలు. మొత్తం ఎన్ని క్వింటాళ్ళు? సంచికి ఒక కిలో తరుగు తీస్తే ఆమె ఎన్ని కిలోలు నష్టపోతుంది?