‘స్థలము’ అను మాట

పాఠ్యభాగము: ఆదికాండము 28:10–19, నిర్గమకాండము 3:1–6



మొన్న ఒక ఆదివారము దేవసూగూరులో సండేస్కూలు పిల్లలను “మీ ఊరేది?” అని అడిగాను. ఒక్కరూ దేవసూగూరు అనలేదు, శక్తినగర్ అనలేదు. ఒక పిల్లవాడు గుంటూరు వైపు ఊరి పేరు చెప్పాడు. “ఎప్పుడు వెళ్లావు?” అంటే, “వెళ్లలేదు మాస్టారూ, అది మా తాతయ్య ఊరు” అన్నాడు. వాని తండ్రి పుట్టినది కూడా ఇక్కడే. అందుచేత ఈ నెల పాఠముగా ఈ ఒక్క మాటనే తీసుకున్నాను.

చోటు, తావు అచ్చ తెలుగు మాటలు. స్థలము సంస్కృతము. జాగా, మకాము ఉర్దూ ద్వారా వచ్చినవి. రాయచూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో ఉన్నది గనుక ఇక్కడి కన్నడములోనూ అవి బాగా నాటుకున్నాయి. అన్నిటి అర్థము ఒకటే అనిపిస్తుంది గాని వాడుక వేరు. బస్సులో కాస్త చోటు ఇమ్మంటాము, స్థలము ఇమ్మనము. ఇల్లు కట్టుకోవడానికి స్థలము కొంటాము, నది అవతలి తెలంగాణవారు జాగా కొంటారు, చోటు ఎవరూ కొనరు. అనుమానానికి తావివ్వము. (నేను 1984లో ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక కన్నడ పెద్దాయన “తావు ఎల్లింద బందిరి?” అన్నారు. ఏ తావు గురించి అడుగుతున్నారో తెలియక తెల్లమొహము వేశాను. కన్నడములో తావు అంటే తమరు!)

మకాము సంగతి కొంచెము నిదానముగా చూడాలి. అధికారి ఊళ్లోకి వచ్చి రెండు రోజులు ఉంటే మకాము వేశాడంటాము, వెళ్లిపోతే మకాము ఎత్తేశాడంటాము. అంటే ఎత్తేయడానికి వీలైన బస. సింధనూరు, మాన్వి, గంగావతి వైపు తుంగభద్ర కాలువ కింద భూములు కొని స్థిరపడిన ఆంధ్ర రైతుల పల్లెలకు ‘క్యాంపు’ అని పేరు వచ్చింది. మేడలు లేచాయి, రైసు మిల్లులు వచ్చాయి, మనుమలు పుట్టారు. పేరు మాత్రము క్యాంపే. నేను కూడా ఏళ్ల తరబడి ఉత్తరాల పైన ‘మకాం: దేవసూగూరు’ అనే వ్రాశాను. నా కుమార్తె పెండ్లి శుభలేఖలో కూడా అలాగే అచ్చు వేయించాను.

అయితే మకాము అరబ్బీ మాట. నిలుచుట అను అర్థముగల ధాతువు నుండి వచ్చింది. అదే ధాతువు నుండి వచ్చిన మరొక మాట మనకు బాగా తెలుసు: ఖాయము. 1985లో మొదటి యూనిటు నడక మొదలుపెట్టిన మన థర్మల్ కేంద్రములో ఖాయం ఉద్యోగానికీ కాంట్రాక్టు పనికీ ఎంత తేడా ఉన్నదో పని చేసినవారికి చెప్పనక్కరలేదు. ఎత్తేసే మకాము, కదలని ఖాయము ఒకే కడుపున పుట్టాయి. స్థానము అను సంస్కృత పదము కూడా నిలుచుట అను ధాతువు నుండి పుట్టినదే. పాత నిబంధన హెబ్రీలో చోటుకు వాడిన ‘మాకోమ్’ ఈ మకాముకు తోబుట్టువు.

ఇప్పుడు ఆదికాండము 28 తెరవండి. హెబ్రీలో 11వ వచనము మొదలు 19 వరకు ఆ మాట ఆరుసార్లు వస్తుంది. మన తెలుగు బైబిలులో యాకోబు పండుకొనక మునుపు అది ‘చోటు’, కల కని లేచిన తరువాత ‘స్థలము’. అనువాదకుల చెవి మంచిదే. అయినా నాకు కొంచెము లోటుగానే తోస్తుంది. రాయి అదే, లూజు ఊరు అదే, మూల భాషలో మాట కూడా అదే. మారినది యాకోబు ఎరుక. అతడు అక్కడ ఇల్లు కట్టుకోలేదు, హారానుకు సాగిపోయాడు. ఏళ్లు గడిచి మళ్లీ బేతేలుకు వచ్చినప్పుడు రిబ్కా దాది దెబోరా చనిపోగా ఆమెను అక్కడి సింధూరవృక్షము క్రింద పాతిపెట్టారు (35:8). ఆమె శవమును ఎవరూ పుట్టినూరికి మోసుకొనిపోలేదు.

ఇది ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, మనలో కొందరు పెద్దలు తమ దేహమును సొంత ఊరికే తీసుకుపోవాలని పిల్లలతో చెప్పి ఉంచారు. నేను తప్పు పట్టను, ఆ ఊరి మట్టి మీద మమకారము నాకూ ఉన్నది. కాని తరువాత సమాధి దగ్గరకు ఎవరు వెళ్తారు? తాతయ్య ఊరు చూడని ఆ పిల్లవాడా?

నిర్గమకాండము 3:5లో మోషే కాలి క్రింది నేలకు ఇదే ‘మాకోమ్’ వాడబడింది. అది అతడు పుట్టిన ఐగుప్తు కాదు, పితరుల కనాను కాదు. పరదేశినని కుమారునికి గెర్షోము అని పేరు పెట్టుకుని (2:22), మామగారి గొర్రెలు మేపుకొంటున్న చోటు. పరిశుద్ధమని పిలువబడినది ఆ నేలే.

వచ్చే పాఠానికి లూకా 2:7, 14:22 పక్కపక్కన చదివి రండి. గ్రీకులో రెండు చోట్లా ‘తోపోస్’ అను ఒకే మాట ఉన్నది. తెలుగులో ఒకచోట స్థలము, మరొకచోట చోటు. ఎందుకలా వ్రాశారో తరగతిలో మాట్లాడుకుందాము. పిల్లలను కూడా కూర్చోబెట్టండి.