పురుష స్తనవృద్ధి: శస్త్రచికిత్సా మార్గములు

ఖరగ్‌పూరునందలి ప్రేమ్ బజారులో ఒక తెలుగు కుటుంబ మున్నదనుకొందము. తాత బెంగాల్-నాగపూర్ రైల్వేలో పనికి కుదిరి శ్రీకాకుళం ప్రాంతమునుండి వచ్చినవాడు. మనుమనికి పదునేడేండ్లు. కొంతకాలముగా ఆ బాలుడు మండువేసవిలో సైతము చొక్కా విప్పడు, చెరువులో స్నానమునకు రాడు, ఆటలు మానినాడు. కారణము తల్లికైనను చెప్పలేడు. అతని రొమ్ములు పెరిగినవి. ఇట్టివారు ప్రతి యూరను కలరు. వారి కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఈ చిరుపొత్తము వ్రాయబడినది.

ఇది యేమి?

పురుషుని దేహమున పురుష హార్మోనులతో పాటు స్త్రీ హార్మోనులును స్వల్పముగా నుండును. ఈ రెంటి పాళ్లు తప్పినప్పుడు రొమ్మునందలి గ్రంథి పెరుగును. దీనినే వైద్యులు గైనెకొమాస్టియా యందురు. చనుమొన క్రింద బిళ్లవలె గట్టిగా తగిలిన నది గ్రంథి. అంతయు మెత్తగా నున్నచో కేవలము కొవ్వు కావచ్చును.

అప్పుడే పుట్టిన శిశువులకు తల్లి హార్మోనులవలన రొమ్ములు ఉబ్బుట కలదు. అవి కొన్ని వారములలో తామే తగ్గును. వానిని పిండుట మన యిండ్లలో కొందరి అలవాటు. దానివలన చీముపట్టును గాన మానవలెను. యౌవనారంభమున వచ్చు వృద్ధియు పెక్కుమందిలో రెండుమూడేండ్లలో అణగిపోవును. కాలేయ, మూత్రపిండ వ్యాధులు, థైరాయిడ్ వికారములు, వృషణములలో గడ్డలు, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు, కండల కొరకు తీసికొను స్టెరాయిడ్లు ఇతర కారణములు. కావున ముందు కారణమును వెదకవలెను, కత్తి యాపైనిది. వైద్యుని యడుగక ఏ మందును మానరాదు.

శస్త్రచికిత్స ఎవరికి?

ఒక సంవత్సరము దాటినచో గ్రంథి నారవలె గట్టిపడును. అప్పుడు మందులవలన ప్రయోజనము స్వల్పము. అట్లు నిలిచిపోయి బాధించుచున్నను, మనస్సును క్రుంగదీయుచున్నను శస్త్రచికిత్స తగును. మార్గములు మూడు.

మొదటిది, గ్రంథిని కోసి తీయుట. క్రీ.శ. 7వ శతాబ్దిలోనే గ్రీకు వైద్యుడు పాల్ ఆఫ్ ఏజినా అర్ధచంద్రాకారపు కోతతో దీనిని చేయు విధమును వ్రాసెను. నేడు చనుమొన చుట్టునున్న నల్లని వలయపు అంచుననే కోయుదురు. 1946లో వెబ్‌స్టర్ అను వైద్యుడు వర్ణించిన ఈ పద్ధతిలో మచ్చ అంతగా కనబడదు. చనుమొన గుంటపడకుండ దాని క్రింద కొంత కణజాలమును విడుతురు.

రెండవది, కొవ్వును పీల్చుట. చిన్న రంధ్రముగుండ సన్నని గొట్టమును పంపి కొవ్వును లాగివేయుదురు. 1980ల నుండి ఇది ఈ వ్యాధియందు వాడుకలో నున్నది. గట్టి గ్రంథి దీనితో మాత్రమే పోదు. కావున పెక్కుసారులు రెండు పద్ధతులను కలిపి చేయుదురు.

మూడవది, వ్రేలాడు చర్మమును తొలగించుట. మిక్కిలి పెద్ద రొమ్ములకును, చాల బరువు తగ్గినవారికిని ఇది అవసరము కావచ్చును. మచ్చలు పొడవుగా నుండును. రోగి దానిని ముందుగా నెరిగి సమ్మతింపవలెను.

పిమ్మట

లోపల రక్తము గూడుట, చనుమొన స్పర్శ తగ్గుట, రెండు ప్రక్కలు సమముగా లేకుండుట సంభవింపవచ్చును. కొన్ని వారములు బిగుతైన బనియను ధరింపవలెను. కార్ఖానాలో బరువులెత్తువారు వైద్యుడు చెప్పువరకు ఆ పని మానవలెను. తీసిన కణజాలమును పరీక్షకు పంపుట మంచిది.

ఒక హెచ్చరిక

ఒక ప్రక్కనే, చనుమొనకు ఎడముగా గట్టిగడ్డ తగిలినను, చనుమొననుండి రక్తము వచ్చినను, చర్మము లోనికి ముడుచుకొన్నను, చంకలో వాపు కనబడినను తత్‌క్షణము వైద్యుని చూడవలెను. రొమ్ము పుండ్లలో, అనగా క్యాన్సరులలో, సుమారు నూటికొకటి పురుషులకే వచ్చును. సిగ్గుచే జాగుచేసిన దినములు మరల రావు.

ప్రేమ్ బజారు బాలుని తల్లి నేడు అతనిని ఎగతాళి చేయక, "ఏమి నాయనా?" యని యడిగిన చాలును. సగము చికిత్స అక్కడనే ఆరంభమగును.