సమాజసేవా పరిశోధనము – పర్యవేక్షకుని ధర్మము: వేటపాలెము నిదర్శనముగా

విశ్వవిద్యాలయములలో సమాజసేవాశాస్త్రమును చదువు విద్యార్థికి తరగతి పాఠములతోపాటు మఱియొక పని విధింపబడియున్నది. ఒక విషయమును తానే ఎన్నుకొని, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో, జనుల మధ్య తిరిగి పరిశోధించి, నివేదిక వ్రాసి సమర్పింపవలెను. దీనికి పాఠ్యగ్రంథము లేదు. గంట కొట్టగనే వచ్చి పాఠము చెప్పువారును లేరు. మన దేశమున సమాజసేవకై ప్రత్యేకమైన విద్యాలయము 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర వెలసినది. క్షేత్రకార్యము ఆ విద్యలో ముఖ్యాంగము. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి సామాన్య డిగ్రీ విద్యార్థులకును ఇట్టి పని ‘కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు’ అను పేర విధింపబడినది. దానికి 180 గంటల కాలము, 4 క్రెడిట్లు. ప్రతి విద్యార్థికిని మార్గదర్శకుడుగా ఒక అధ్యాపకుడుండును.

సర్వే, ప్రశ్నావళి, పట్టిక అను మాటలు చెవిని బడగనే ఇది మన పని కాదని తప్పుకొను భాషాధ్యాపకులు కలరు. అది సరికాదు. వాక్యార్థసభలో శిష్యుడు ఒక విషయమును చేపట్టి పండితుల యెదుట నిలుచును. గురువు ప్రక్కనే యుండును. కాని శిష్యునికి మాఱుగా సమాధానము చెప్పడు. శిష్యుడు తడబడినను చెప్పడు. స్వతంత్రాధ్యయనము, పర్యవేక్షణము అను రెండును ఎట్లు కలిసి యుండగలవో ఇంతకంటె స్పష్టముగ చూపునది లేదు. విద్యలో గురువునుండి వచ్చునది నాలుగవ పాలేయను పాఠశాలల లెక్కయు ఇక్కడ స్మరింపదగినది.

వేటపాలెమును నిదర్శనముగ గైకొనుటకు కారణము కలదు. చీరాల చెంతనున్న ఈ యూరికి ఒకప్రక్క ఇసుకనేల, సముద్రము; మఱియొకప్రక్కకు పోయినచో మిరపయు పత్తియు పండు నల్లరేగడి. 2022 ఏప్రిల్ వఱకు ప్రకాశము జిల్లాలో నుండి, పిదప బాపట్ల జిల్లాలో చేరినది. ఊరి పేరు దేశమునకు తెలిసినది రెండింటివలన: మగ్గము, గ్రంథాలయము. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము ఏర్పడిన నాలుగేండ్లకు, అనగా 1918లో, వి. వి. శ్రేష్ఠిగారు ఇచట సారస్వత నికేతనమును స్థాపించిరి. దాని భవనమునకు 1929లో గాంధీ మహాత్ముడు శంకుస్థాపన చేసెను. పొరుగూరగు చీరాలలో 1921లో పురపాలకపు పన్నుల నెదిరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొనిరి. అట్టి కాలపు పత్రికలను, పాత సంచికలను భద్రపఱచిన చోటు కనుకనే దూరదేశములనుండియు పరిశోధకులు ఈ నికేతనమునకు వచ్చుచుందురు. సమాజసేవగా పుట్టిన సంస్థయే పరిశోధనకు ఆకరమైనది. సేవయు పరిశోధనమును విరుద్ధములని వాదించువారు ఒకమాఱు ఆ మెట్లెక్కి చూడవలెను.

ఇక ఒక విద్యార్థిని ఈ ఊరికి పరిశోధనకై వచ్చినదనుకొందము. ఆమె తెచ్చు శీర్షిక సాధారణముగ ‘చేనేత కార్మికుల సమస్యలు’ అని యుండును. ఇది విషయమే కాని సంశయము కాదు. మీమాంసకులు అధికరణమునకు విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అని ఐదంగములు చెప్పిరి. సంశయము లేని విషయము విచారమునకు తగదు. పర్యవేక్షకుడు మొదటి వారమున అడుగవలసినది ఒక్కటే: ‘నీకు తెలియనిదేమి?’ ఈ ప్రశ్నకు విద్యార్థిని వీధులలో నాలుగునాళ్ళు తిరిగి వచ్చి సమాధానము చెప్పవలెను. మగవాడు మగ్గముపై కూర్చుండగా, ఇంటి ఆడువారు రాట్నముపై కండెలు చుట్టుదురు, ఆసు పోయుదురు. చీరకు ముట్టు మజూరీలో ఈ పనికి విడిగా పాలు కలదా? కలిగినచో ఎవరి చేతికి వచ్చును? ఇది సంశయము. 180 గంటలకు ఇది చాలును; ‘సమస్యలు’ అను పెద్దమాటకు జన్మమంతయు చాలదు.

పూర్వపక్షమనగా ఇంతకుముందు చెప్పబడినది. దానిని త్రోసివేయుటకు మునుపు బాగుగ నెఱుగవలెను. 1991లో నూలు ధరలు పెరిగినపుడు ప్రకాశము, గుంటూరు జిల్లాలలోని చేనేతవారి ఆకలిచావులు పత్రికలకెక్కినవి. నాటి వార్తలు చదువక వేటపాలెపు మగ్గమునుగూర్చి వ్రాయుట పదచ్ఛేదము చేయక శ్లోకమునకు వ్యాఖ్య వ్రాయుట వంటిది. అట్లే ప్రభుత్వపు లెక్కలు. అఖిలభారత చేనేత గణనములో 2009-10లో 43.31 లక్షల కార్మికులు, 2019-20లో 35.22 లక్షల కార్మికులు లెక్కకు వచ్చిరి. ఆ సంఖ్యలో నేయువారితోపాటు నేతకు ముందుపనులు చేయువారును చేరియున్నారు. సంఖ్యను ఉదహరించుటకు ముందు ‘కార్మికుడు’ అను పదమునకు అచట చెప్పిన లక్షణమేమో చూడవలెను. అవ్యాప్తి, అతివ్యాప్తి అను దోషములు తర్కసంగ్రహమునకే పరిమితములు కావు గదా!

హేత్వాభాసములును అంతే. ‘ఈ ఇంట మగ్గము ఆగియున్నది, కనుక వీరు వృత్తి మానిరి’ అని విద్యార్థి పట్టికలో వ్రాయును. వానకాలమున గుంటమగ్గములోనికి నీరూరినచో మగ్గము ఆగును, వృత్తి ఆగదు. ఇంట మగ్గము లేనివాడు మాస్టర్ వీవరు షెడ్డులో నేయుచుండవచ్చును. సాధ్యము లేనిచోటను కనిపించు హేతువు కనుక ఇది అనైకాంతికము. ఈ దోషమును పట్టుకొనుటకు పర్యవేక్షకునికి నేత తెలియనక్కఱలేదు. ‘మగ్గము ఆగుటకు వేఱు కారణము లేదా?’ అని అడిగిన చాలును. శబ్దప్రమాణమున మఱింత జాగరూకత వలయును. చేత కాగితము, మెడలో గుర్తింపుకార్డు గల వానిని చూచి ఇంటివారు ప్రభుత్వోద్యోగి యనుకొందురు. అప్పుడు రాబడి తగ్గును, అప్పు పెరుగును. మాస్టర్ వీవరు మనిషి ప్రక్కన నిలిచియున్నచో అప్పు మాటయే రాదు. ఆప్తుడనగా యథార్థము తెలిసినవాడు మాత్రమే కాడు, దానిని చెప్పగోరువాడు కూడ. చెప్పగోరు స్థితిని కల్పించుట అడుగువాని పని.

ఇంతవఱకు చెప్పినది విధానము. అసలు చిక్కు ఫలముతో వచ్చును. ఈ పరిశోధనము ఎవరికొఱకు? విద్యార్థికి మార్కులు, పట్టము. గ్రామమునకు? పని యొక్కటే కనుక ఫలము రెండు వైపులకు తనంత ప్రవహించునని పలువురి విశ్వాసము. మీమాంసకులు ఇట్లంగీకరింపరు. పెరుగు నిత్యమగు అగ్నిహోత్రమునకును ఉపయుక్తమే, ఇంద్రియపటుత్వమును కోరువాని కామ్యమునకును ఉపయుక్తమే. కాని ఆ రెండు ప్రయోజనములను వేర్వేరు వాక్యములు విధించినవి. ఒక్క వాక్యముతో రెండును సిద్ధింపలేదు. ఇదియే సంయోగపృథక్త్వన్యాయము. ఈ న్యాయమునుబట్టి చూచినచో ప్రస్తుతపు ఏర్పాటులో విద్యార్థి ఫలమునకు విధి స్పష్టముగ కలదు: దినచర్యాపుస్తకము, నివేదిక, సమర్పణము, ప్రతిదానికి మార్కులు. గ్రామఫలమునకు అంత స్పష్టమైన విధి లేదు. చైతన్యకార్యక్రమము చేయుడను మాట యున్నది కాని, ప్రశ్నలకు జవాబిచ్చిన ఇంటికి ఆ జవాబు ఏమైనదో తెలుపుడను మాటకు మార్కులు లేవు. కావున ఏటేట వేర్వేరు కాళ్ళు అదే గడప తొక్కును, అవే ప్రశ్నలు అడుగును. ఇంటిగృహిణి ఆసు ఆపి సమాధానము చెప్పినంతసేపు ఆమె కూలి పోవును. ఆ నష్టము ఏ నివేదికలోను కానరాదు.

ఇచట ఒక వివాదము. విద్యార్థిని కండెలు చుట్టు వృద్ధురాలితో మాటాడుచుండగా, ఆమెకు పింఛను ఆగినదని తెలిసినది. దరఖాస్తు వ్రాయించుటకు ఒక పూట చాలును. వ్రాసి యీయవలెనా? పరిశోధకుడు సాక్షి మాత్రుడు, కలుగజేసికొన్నచో విషయము మాఱునని ఒక పక్షము. సమాజసేవ చదువుచు కాగితము వ్రాయుటకు వెనుదీయుట అధర్మమని రెండవ పక్షము. రెండవదియే గ్రాహ్యము, కాని రెండు కట్టుబాట్లతో. సహాయము జవాబునకు వెలగా ఉండరాదు. ‘ముందు ప్రశ్నలకు చెప్పుము, పిదప దరఖాస్తు వ్రాసెదను’ అన్నచో అప్పటినుండి విన్న ప్రతిమాటయు దూషితమగును. మఱియు చేసిన సహాయమును నివేదికలో దాచరాదు. ఏ ఇంట సహాయము చేసినది, అది జవాబు చెప్పుటకు ముందో తరువాతనో వ్రాసినచో చదువువాడు తూకము వేసికొనును. పింఛను వచ్చునని మాట యిచ్చుట మాత్రము తగదు. అది విద్యార్థిని చేతిలో లేదు.

పర్యవేక్షకుడు వారమున కొకమాఱైన విద్యార్థి టిప్పణములను చదివించుకొని వినవలెను. చూచి సంతకము చేయుటకు, వినుటకు ఎంతయో భేదము. వినునపుడు ఏ యింటి మాట ఏ యింట చెప్పబడినదో తెలియును. మాస్టర్ వీవరునకు అప్పుపడిన కుటుంబము పేరు నివేదికలో అచ్చైనచో పని పోవచ్చును. కనుక పేర్లు, ఇంటి నంబర్లు తొలగింపవలెను. చిన్న వీధిలో ‘నలుగురు కూతుళ్ళుగల విధవ’ అని వ్రాసినను పేరు వ్రాసినట్లే. గ్రామము పేరు మార్చి నిరుటి నివేదికనే మఱల కట్టించి తెచ్చు విద్యార్థుల మాట వినని అధ్యాపకుడుండడు. మొదటి వారమునుండి విన్నవానిని మోసగించుట కష్టము. అట్టి మోసమునకు తావిచ్చినది శిష్యుని సోమరితనము సగమే.

కడపటి అంగము సంగతి. ఒక అధికరణము పూర్వాధికరణముతో సంబంధింపనిచో శాస్త్రము ముక్కలగును. నివేదికలు కళాశాల బీరువాలో చేరి మూల్యాంకనము ముగియగనే కట్టలుగా మిగులుచుండగా, మరుసటి యేటి విద్యార్థి మొదటినుండియే ఆరంభించును. వేటపాలెపు నివేదిక ప్రతి యొకటి వేటపాలెపు గ్రంథాలయముననే యుండుట యుక్తము. విద్యార్థి పేరున గాక విషయము పేరున, వీధి పేరున సూచికలో ఎక్కింపవలెను. దానికి ముందు జవాబులు చెప్పినవారిని ఒక సాయంకాలము పిలిచి, ముఖ్యాంశములను తేటతెలుగున చదివి వినిపింపవలెను. ‘మా లెక్క అట్లు కాదు’ అని ఎవరైన అన్నచో ఆ మాటయు నివేదికలో చేరవలెను. ఆసుపని మజూరీ పాలు చీరకింత యని విద్యార్థిని తేల్చిన అంకెను నిర్ణయింపదగినవారు ఆ యాసు పోయువారే కనుక, సభకు వేళ వారి పని ముగిసిన పిమ్మటనే పెట్టవలయును.