అయ్యలసోమయాజుల లలిత

లలిత 1919లో మద్రాసున నొక తెలుగు కుటుంబమున జన్మించెను. పదునెనిమిదవ యేటనే భర్తను గోల్పోయెను. ఒడిలో నాలుగు నెలల పసికందు. ఆనాడు వితంతువునకు చదువెక్కడిది? తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన అధికారులను ఒప్పించి, కుమార్తెను అచ్చటనే విద్యుచ్ఛాస్త్రమునందు చేర్పించెను.

వందలకొలది బాలుర నడుమ ఆమె యొక్కతెయే. తోడు లేక దిగులుపడుచుండగా, కళాశాలవారు ప్రకటన చేసిరి. మరి యిద్దరు యువతులు చేరిరి. చదువు ముగిసి పట్టము చేతికి వచ్చునప్పటికి, అందు ‘అతడు’ అని ముందే అచ్చయి యున్నది! దానిని కొట్టివేసి ‘ఆమె’ యని వ్రాయవలసి వచ్చెను.

పిమ్మట కలకత్తాలో సోదరుని యింట నుండి, ఒక విద్యుత్పరికరముల సంస్థలో పనిచేసెను. భాక్రా నంగల్ ఆనకట్ట పనులలో పాల్గొనెను. ఆమె పనికేగిన వేళల బిడ్డను సోదరుని భార్య సాకెను. 1964లో న్యూయార్కున జరిగిన ప్రథమాంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సభకు లలిత వెళ్ళెను.